పాలబండికి రిమోట్ స్టార్టరు: రక్షణ తీగ ఎక్కడ కలపవలెను?

తెల్లవారుజామున క్యాన్లు ఎక్కించులోగా ఇంజను సిద్ధముగా ఉండునని, కొన్ని సంఘాలవారు పికప్ పాలబండ్లకు రిమోట్ స్టార్టరు బిగించుకొనదలచి సలహా అడుగుచున్నారు. సౌకర్యము కాదనము. అయితే ఆ పెట్టెనుండి వచ్చు తీగలలో ఒకదానిని గురించి సభ్యులందరు తెలిసికొనుట అవసరము.

తాళముతో స్టార్టు చేయునప్పుడు డ్రైవరు సీటులో ఉండును, కాలు క్లచ్ మీద ఉండును. రిమోట్ పెట్టెకు ఇవేమియు తెలియవు. బటను నొక్కగానే సెల్ఫ్ మోటారుకు 12 వోల్టులు పంపును. బండి మొదటి గేరులో ఉన్నచో సెల్ఫ్ మోటారే దానిని ముందుకు లాగగలదు. ఆ లాగుడులో ఇంజను అందుకున్నదా, ఆపువాడు బండిలో లేడు.

మన అన్నవరంలో రత్నగిరి చుట్టుపట్ల ఏటవాలు చోట్లు ఉన్నవి. వాలులో నిలిపిన బండిని మొదటి గేరులో వదలుట డ్రైవర్లకు అలవాటు. మంచి అలవాటే, కాని రిమోట్ ఉన్న బండికి అదే ముప్పు. పాలకేంద్రము ముందు క్యాన్లతో ఆడవారు, వారి వెంట పిల్లలు నిలబడియుందురు గదా.

ఇందుకొరకే పెట్టెలో రక్షణ తీగ ఉన్నది. అనేక పెట్టెలలో ఆ తీగకు ఎర్తు అందినప్పుడే స్టార్టుకు అనుమతి వచ్చును. తొందరపడు మెకానిక్ దానిని తిన్నగా బాడీకి బిగించి "అయిపోయిందండీ" అనును. బండి స్టార్టగును, డబ్బు చేతులు మారును, రక్షణ మాత్రము పోవును. ఆ తీగ ముందు గేరుబాక్సు న్యూట్రల్ స్విచ్ గుండా, పిమ్మట హ్యాండ్‌బ్రేకు స్విచ్ గుండా పోయి అప్పుడు ఎర్తుకు చేరవలెను. రెండును సరిగా ఉన్నగాని అనుమతి రారాదు. న్యూట్రల్ స్విచ్ లేని బండికి రిమోట్ వద్దనియే నా సలహా. ఆటోమేటిక్ గేరు బండ్లకు తయారైన పెట్టెను మన గేరు బండికి తగిలించరాదు.

హ్యాండ్‌బ్రేకు దీపపు తీగనుండి కొక్కెము వేయుట మరొక పొరపాటు. చాలా బండ్లలో బ్రేకు ఆయిలు తగ్గినను ఆ దీపమే వెలుగును. అప్పుడు బ్రేకు వేయకున్నను వేసినట్లే పెట్టె భావించును. లీవరుకు ఈ పనికే వేరొక స్విచ్ బిగించుట మేలు. తీగ తెగినచో బండి స్టార్టు కాదు, అంతే. ఒరుసుకొని బాడీకి తగిలినచో మాత్రము అనుమతి ఇచ్చినట్లగును. అందుచేత గొట్టములో పోనిచ్చి, రేకు అంచులకు దూరముగా కట్టవలెను. బానెట్ తెరచినప్పుడు ఇంజను ఆగు స్విచ్ కూడ విడువరాదు.

మోటారు వాహనముల చట్టము, 1988, సెక్షను 126 ప్రకారము బహిరంగ స్థలములో నిలిపిన బండిలో లైసెన్సు గల వ్యక్తి డ్రైవరు సీటులో ఉండవలెను. లేనిచో ఇంజను ఆపి, బ్రేకు వేసియో, బండి కదలకుండ మరొక ఏర్పాటు చేసియో ఉంచవలెను. కాబట్టి రోడ్డుపై రిమోట్ నొక్కు పని లేదు, సంఘపు ఆవరణలోనే.

పరీక్ష ఇట్లు చేయించుడు. చక్రములకు అడ్డు పెట్టి, సెల్ఫ్‌కు పోవు సన్నని తీగ ఊడదీసి, దానికి ఎర్తుకు మధ్య టెస్టు ల్యాంపు తగిలించుడు. మొదటి గేరులో ఉంచి బటను నొక్కిన ల్యాంపు వెలుగరాదు. న్యూట్రల్‌లో ఉండి హ్యాండ్‌బ్రేకు వదలినను వెలుగరాదు. రెండును సరియైనప్పుడే వెలుగవలెను. కార్యదర్శి ఎదుట ఈ పరీక్ష అయిన పిమ్మటనే బిల్లు చెల్లించుడు.