పిల్లి దొంగనిద్ర

ఉక్కు కర్మాగారం మూడు షిఫ్టుల్లో నడిచే ఊళ్ళో నిద్రకు వేళంటూ ఉండదు. నైట్ షిఫ్ట్ దిగి ఇంటికొచ్చిన మనిషి టిఫిన్ తిని, కిటికీకి దుప్పటి కట్టి పడుకుంటాడు. అలాంటి ఊరే ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి. అక్కడి సెక్టార్లలోని క్వార్టర్లలో పిల్లి ఉన్న ఇల్లయితే, కాసేపటికి అదీ వచ్చి మంచం చివర చేరుతుంది. "ఇదేం షిఫ్ట్ చేసొచ్చిందనీ!" అని ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారు. నిజానికి అదీ తన డ్యూటీ ముగించుకునే వచ్చింది. పిల్లి చురుగ్గా ఉండేది తెల్లవారుజామున, మునిమాపు వేళ. వేటకు అనువైన మసక వెలుతురు అప్పుడే. మిగతా పొద్దంతా ఒంట్లో శక్తి దాచుకుంటుంది. రోజుకు 12 నుంచి 16 గంటలు పడుకోవడం దానికి మామూలే. ఊళ్ళోని జూ మైత్రీబాగ్‌లో తెల్లపులి ఎప్పుడు చూసినా పడుకునే ఉందని పిల్లలు అలుగుతారు. అదీ ఈ కుటుంబానిదే మరి.

అందుకని పిల్లి ఎంతసేపు పడుకుందో లెక్కపెట్టి లాభం లేదు. ఎక్కడ పడుకుంది, ఎలా పడుకుంది, ముఖ్యంగా మెడ ఎలా ఉంచింది అన్నది చూడాలి.

మెడ సంగతి బయటపెట్టింది ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో పనిచేసిన మిషెల్ జువే. నిద్రపోయే పిల్లుల మెదడులోని విద్యుత్ తరంగాలనూ, మెడ కండరాల బిగువునూ కలిపి నమోదు చేస్తుంటే ఆయనకు ఒక వింత దశ కనిపించింది. మెదడు చూస్తే మెలకువలో ఉన్నంత చురుగ్గా ఉంది, మెడ కండరాలు మాత్రం పూర్తిగా సడలిపోయాయి. 1959లో దానికి 'విరుద్ధ నిద్ర' అని పేరు పెట్టాడు. మనుషులకు స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చే దశ ఇదే. ఆ తర్వాత ఆయన బృందం, కండరాలను సడలించే మెదడు కాండం భాగాన్ని దెబ్బతీసి చూసింది. ఆ పిల్లులు నిద్రలోనే లేచి, ఎదుట ఏమీ లేకపోయినా పొంచి చూశాయి, దూకాయి. అలాంటి ప్రయోగం గురించి ఇవాళ చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది. కానీ పిల్లి కలలో వేట ఉంటుందనడానికి అంతకన్నా గట్టి ఆధారం చూపడం కష్టం.

కాళ్ళు పొట్టకింద ముడిచి, తల నిలబెట్టి, కళ్ళు మూసుకున్న పిల్లిది కునుకు మాత్రమే. చెవులను చూడండి, చప్పుడు వచ్చిన వైపు తిరుగుతుంటాయి. పాలగిన్నె మూత కదిలితే చాలు, వంటింట్లో ఉంటుంది. పక్కకు ఒరిగి, గడ్డం నేలకు ఆనించి, మీసాలు అదురుతూ, పంజాలు ఉండుండి కొట్టుకుంటుంటే అది విరుద్ధ నిద్ర. ఆ కాసేపూ ఒంటిమీద దానికి పట్టు ఉండదు. చుట్టుపక్కల భయం లేదనుకున్న పిల్లే అలా ఒళ్ళు వదిలేయగలదు.

అయితే భిలాయి ఎండల్లో ఈ లెక్క కొంచెం తప్పుతుంది. ఒంటి వేడి కాపాడుకోవడానికి అదనంగా శ్రమపడనక్కర్లేని వాతావరణం పిల్లికి సుమారు 30 నుంచి 38 డిగ్రీలు. మనం ఉక్కపోతకు అల్లాడుతుంటే అది హాయిగా ఉండటం అందుకే. మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరినప్పుడు మాత్రం కూలర్ ముందు గచ్చుమీద నాలుగు కాళ్ళూ చాపి పడిపోతుంది. అది సంతోషం కాదు, పొట్ట చల్లబరచుకోవడం. జనవరిలో తోకతో ముక్కు కప్పుకుని ఉండలా చుట్టుకుంటే దిగులూ కాదు, చలి.

అసలు మోసపోయేది ఇల్లు మారినప్పుడు. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేయాలి. కొందరు అక్కడే ఇల్లు కట్టుకుంటారు, కొందరు విశాఖకో విజయనగరానికో సామాను కట్టుకుని వచ్చేస్తారు. కొత్త ఇంట్లో పిల్లి ఏ మూలో చేరి, కళ్ళు మూసుకుని రోజంతా కదలదు. "పాపం, ప్రయాణం బడలిక, బాగా పడుకుంది" అనుకుంటాం. తీరా చూస్తే అది దొంగనిద్ర. బోనుల్లో పెట్టిన పిల్లులు భయంతో నిద్ర నటిస్తాయని పరిశోధకులు గమనించారు. పారిపోయే దారి లేనప్పుడు ఎవరి కంటా పడకుండా ఉండటమే పిల్లికి మిగిలిన ఉపాయం. ఒళ్ళు దగ్గరగా ముడుచుకుని ఉంటుంది, కాళ్ళు బిగబట్టి ఉంటాయి, తోక ఒంటికి అంటుకుపోతుంది, కళ్ళు మూసినట్టు కాక నొక్కిపెట్టినట్టు కనిపిస్తాయి. గంటలు గడిచినా మీసం అదరదు. తిండి ముట్టదు, ముట్టినా రాత్రి అందరూ పడుకున్నాకే.

దీనికి మందు అట్టపెట్టె. 2014లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక సంరక్షణ కేంద్రానికి కొత్తగా వచ్చిన 19 పిల్లుల్లో 10 పిల్లులకు దాక్కునే పెట్టెలిచ్చి, తొమ్మిదింటికి ఇవ్వలేదు. పెట్టె దొరికినవి మూడు నాలుగు రోజుల్లోనే కుదుటపడ్డాయి. రెండు వారాలకు ఆ తొమ్మిదీ వాటితో సమానమయ్యాయి. సామాను దించిన రోజే ఒక ఖాళీ పెట్టెలో పిల్లి పాత గుడ్డ, ఉతక్కుండా, వేసి ఒక గదిలో పెట్టండి. బయటికి లాగి ముద్దుచేయకండి, దానంతట అదే వస్తుంది.

పిల్లులు ఎక్కువగా ఎడమ పక్కకే పడుకుంటాయని 2025లో ఒక పరిశోధన వచ్చింది. 408 యూట్యూబ్ వీడియోలు చూస్తే మూడింట రెండు వంతులు ఎడమ వైపే ఒరిగి ఉన్నాయట. లేవగానే ఎడమ కంటి వైపు దృశ్యం, ప్రమాదాన్ని పసిగట్టే కుడి మెదడుకు చేరడం ఇందుకు కారణం కావచ్చన్నది వాళ్ళ ఊహ. సరదా విషయమే కానీ, మీ పిల్లి మనసు చదవడానికి పనికిరాదు.

పనికొచ్చేది ఇంకొకటుంది. ఏళ్ళ తరబడి బీరువా పైన పడుకున్న పిల్లి ఒకరోజు నుంచి చాపమీదే పడుకుంటే, వయసుతో బుద్ధొచ్చిందని మురిసిపోతాం. 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో 12 ఏళ్ళు దాటిన 100 పిల్లులకు ఎక్స్‌రేలు చూస్తే 90 పిల్లులకు కీళ్ళ అరుగుదల కనిపించింది. ఎక్కలేకే ఎక్కడం లేదన్నమాట. పశువైద్యుడి బల్లమీద పిల్లి నడవదు, బిగుసుకుపోతుంది. అందుకని అది ఇంట్లో ఎలా ఎక్కుతుందో, ఎలా దిగుతుందో ఫోన్‌లో వీడియో తీసి పట్టుకెళ్ళండి. నొప్పి కదా అని మనం వేసుకునే పారాసెటమాల్ మాత్రం పొరపాటున కూడా వేయకండి. ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.