కరెంటు పోయి వస్తే ట్యాలీ ఎందుకు ఆగిపోతోంది? ఆఫీసు సర్వర్‌కు స్టాటిక్ ఐపీ పెట్టుకోండి

మా మామూది చిన్న హోల్‌సేల్ వ్యాపారం. ఆఫీసులో నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు ఉన్నాయి. మూలన ఉన్న పాత డెస్క్‌టాప్‌ను అందరూ సర్వర్ అంటారు. ట్యాలీ డేటా మొత్తం అందులోనే ఉంటుంది, మిగతా మూడు కంప్యూటర్లు దాని నుంచే తీసుకుంటాయి. ఆమధ్య 19వ తారీఖు మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. ఆ మూడింటిలోనూ ట్యాలీ తెరిస్తే కంపెనీ పేరే కనబడలేదు. మర్నాడు 20, అంటే జీఎస్టీఆర్ 3బీ వేయడానికి ఆఖరి రోజు. దాటితే రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ. మామూ ఫోన్ చేసి "బేటా, నువ్వు బీకామ్ చదివావు కదా, ఒకసారి వచ్చి చూడు" అన్నారు. బీకామ్‌కూ నెట్‌వర్క్‌కూ ఏం సంబంధమో ఆయనకే తెలియాలి గానీ, వెళ్లాను.

డేటా ఎక్కడికీ పోలేదు. సర్వర్ అడ్రస్ మారిపోయింది, అంతే.

ఆఫీసులో రౌటర్‌కు తగిలించిన ప్రతి కంప్యూటర్‌కు, ప్రింటర్‌కు, ఫోనుకు ఒక నంబరు ఉంటుంది. అదే ఐపీ అడ్రస్. మామూలుగా ఈ నంబర్లను రౌటరే పంచుతుంది, ఈ పద్ధతిని డీహెచ్‌సీపీ అంటారు. ఇచ్చిన నంబరు కూడా సొంతానికి కాదు, కొంత గడువుకే. చాలా రౌటర్లలో ఆ గడువు 24 గంటలు. ఫంక్షన్ హాల్లో కుర్చీ లాంటిదన్నమాట. మీరు లేచి వెళ్లి వచ్చేసరికి ఖాళీగా ఉంటే మీదే, లేదంటే ఇంకెవరో కూర్చుని ఉంటారు. ఆ రోజు జరిగింది ఇదే. కరెంటు పోయినప్పుడు ఆ చిన్న రౌటర్ ఎవరికి ఏ నంబరు ఇచ్చిందో మర్చిపోయింది. సర్వర్ తెరుచుకునే లోపే ఎవరిదో ఫోన్ వైఫైకి తగులుకుని 192.168.1.5 తీసేసుకుంది. సర్వర్‌కు 192.168.1.9 వచ్చింది. మిగతా కంప్యూటర్లు మాత్రం 5 దగ్గరే వెతుకుతున్నాయి, ఎందుకంటే ట్యాలీ డేటా దారిలో ఆ నంబరే రాసి ఉంది.

ఫోన్లకు నంబరు మారినా నష్టం లేదు, వాటిని వెతుక్కుంటూ ఎవరూ రారు. సర్వర్‌కూ ప్రింటర్‌కూ మాత్రం ఇంటి నంబరులాగా మారని అడ్రస్ కావాలి. అదే స్టాటిక్ ఐపీ. ఇది పెట్టడానికి రెండు దారులున్నాయి.

నాకు నచ్చింది రౌటర్‌లో పెట్టడం. సర్వర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ అని కొడితే ఫిజికల్ అడ్రస్ అని 12 అక్షరాలు, అంకెలు కలిసిన ఒక గుర్తు కనబడుతుంది. అది ఆ నెట్‌వర్క్ కార్డు ఆధార్ నంబరు అనుకోండి. కేబుల్‌కు ఒకటి, వైఫైకి ఒకటి ఉంటాయి, సర్వర్‌ను కేబుల్‌తోనే కలపండి కాబట్టి ఈథర్‌నెట్ కింద ఉన్నదే రాసుకోండి. అక్కడే డీఫాల్ట్ గేట్‌వే అని ఉండేది రౌటర్ అడ్రస్. దాన్ని బ్రౌజర్‌లో కొట్టి లాగిన్ అయితే డీహెచ్‌సీపీ పేజీలో అడ్రస్ రిజర్వేషన్ అనో, స్టాటిక్ లీజ్ అనో ఉంటుంది. అందులో ఆ గుర్తు రాసి, ఎదురుగా కావలసిన ఐపీ ఇచ్చి సేవ్ చేసి, సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తే సరి. ఇకపై ఆ నంబరు ఆ సర్వర్‌కే.

రౌటర్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియని ఆఫీసులే ఎక్కువ. అప్పుడు సర్వర్‌లోనే పెట్టాలి. విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ పేజీకి వెళ్లి, ఐపీ అసైన్‌మెంట్‌ను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చి, ఐపీవీ4 ఆన్ చేయాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ముందు మూడు అంకెలు రౌటర్‌వే ఉండాలి. చివరి అంకె రౌటర్ పంచే వరుసలో ఉండకూడదు. రౌటర్ 2 నుంచి 100 వరకు పంచుతుంటే మీరు 200 పెట్టుకోండి. అదే వరుసలో 50 పెడితే, సర్వర్ ఆపి ఉన్న రోజు రౌటర్ ఆ 50ని ఇంకొకరికి ఇచ్చేయవచ్చు, ఇద్దరికీ ఒకే నంబరు వచ్చి గొడవ మొదలవుతుంది. సబ్‌నెట్ మాస్క్ మామూలుగా 255.255.255.0. గేట్‌వే, డీఎన్ఎస్ గళ్లలో రౌటర్ అడ్రస్ రాయాలి. డీఎన్ఎస్ ఖాళీగా వదిలేస్తే ట్యాలీ నడుస్తుంది గానీ జీఎస్టీ పోర్టల్ తెరుచుకోదు.

ఆ తర్వాత మిగతా కంప్యూటర్లలో ట్యాలీ డేటా దారిని కొత్త నంబరుకు ఒక్కసారి మార్చాలి. ఇంటర్నెట్ కంపెనీ మార్చి కొత్త రౌటర్ వస్తే మాత్రం పని మళ్లీ మొదటికి వస్తుంది. కొన్ని రౌటర్లు 192.168.1 వాడతాయి, కొన్ని 192.168.0, జియోవి 192.168.29. కొత్త రౌటర్‌నే పాత వరుసకు మార్చేస్తే ఒక్క చోట పనితో అయిపోతుంది.

మామూ అంతటితో ఊరుకోలేదు. "మరి ఇంటి నుంచి కూడా ట్యాలీ చూసుకోవచ్చా?" అని అడిగారు. ఇది వేరే సంగతి. 192.168తో మొదలయ్యే నంబర్లు గోడ లోపలివి. మీ పక్క దుకాణంలో కూడా అవే ఉంటాయి. బయటి నుంచి రావాలంటే ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చే పబ్లిక్ ఐపీ కావాలి, అది మారకుండా ఉండాలంటే సాధారణంగా విడిగా డబ్బు కట్టాలి. ఐపీవీ4 అడ్రస్‌లు మొత్తం కలిపి దాదాపు 429 కోట్లే కాబట్టి, చాలా కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని ఎంతోమందికి పంచుతున్నాయి. రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య కనబడితే మీదీ పంచుకున్నదే, పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా బయటి నుంచి రాలేరు.

పబ్లిక్ ఐపీ ఉన్నవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. రిమోట్ డెస్క్‌టాప్ పోర్ట్ 3389నో, ఫైల్ షేరింగ్ పోర్ట్ 445నో రౌటర్‌లో తెరిచిపెట్టి "ఇంటి నుంచి పనిచేస్తోంది" అని సంబరపడేవాళ్లున్నారు. తెరిచిన పోర్టుల కోసం ఇంటర్నెట్‌లో రాత్రింబగళ్లు వెతికే ప్రోగ్రాములు ఉంటాయి. 2017 మేలో ప్రపంచాన్ని కుదిపిన వన్నాక్రై వచ్చింది ఆ 445 దారినే, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగితే ఐదేళ్ల లెక్కలు ఒక్క రాత్రిలో పోతాయి. అందుకే పోర్టులు తెరవకుండా వీపీఎన్ పెట్టుకోండి. టెయిల్‌స్కేల్ లాంటివి పబ్లిక్ ఐపీ లేకపోయినా పనిచేస్తాయి.

మామూ ఆఫీసులో సర్వర్‌కు 200, ప్రింటర్‌కు 201 పెట్టాం. రెండు నంబర్లూ కాగితం మీద రాసి సర్వర్ డబ్బాకే అంటించాం. రౌటర్‌కూ ఒక చిన్న యూపీఎస్ కొనమన్నాను, "చూద్దాంలే" అన్నారు. రిటర్న్ 20వ తారీఖు సాయంత్రం వెళ్లిపోయింది.