తీగ లేని విద్యుత్ప్రసారమునకు తగిన సరఫరా సాధనము

2007వ సంవత్సరమున అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో మారిన్ సోల్యాచిచ్ బృందమువారు, నడుమ తీగ యేదియు లేకుండ, రెండు మీటర్ల దూరమునుండి 60 వాట్ల దీపమును వెలిగించిరి. ఒక తీగచుట్టనుండి మఱియొక చుట్టకు శక్తి చేరుటలో దక్షత సుమారు 40 శాతమని లోకము మెచ్చుకొనినది. ఆ బృందమువారే ప్రకటించిన మఱియొక లెక్కను పట్టించుకొన్నవారు తక్కువ. దీపమునకు చేరినది 60 వాట్లు. గోడలోని సాకెట్టునుండి తీసికొన్నది 400 వాట్లు. 40 శాతము చొప్పున గణించినచో మొదటి చుట్టకు అందినది 150 వాట్లే. తక్కిన 250 వాట్లును గాలిని దాటుటకు ముందే, చుట్టను నడపు పరికరములోనే వేడియై పోయినవి. చుట్టల రూపకల్పనకు పడిన శ్రమలో కొంతయైనను సరఫరా సాధనమును ఎన్నుకొనుటలో పడవలెననుటకు ఇంతకు మించిన నిదర్శన మక్కఱలేదు.

ఈ విద్యకు మూలము 1831లో ఫారడే కనుగొనిన ప్రేరణము. ఒక చుట్టలో ప్రవాహము మాఱుచుండగా దాని అయస్కాంత క్షేత్రములోనున్న రెండవ చుట్టలో వోల్టేజి పుట్టును. మార్పు ఎంత వేగమైన నంత మేలు. ఇండ్లకు వచ్చు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తములది. ఇనుప కోరు గల ట్రాన్స్‌ఫార్మరునకు అది చాలును గాని, నడుమ గాలి సందున్నచోట చాలదు. కావున మొదట దానిని ఏకముఖ విద్యుత్తుగ మార్చి, పిదప ఇన్వర్టరుచే వేలకొలది ఆవృత్తములుగ మార్చవలసియున్నది. (ఇంటి మూలలో బ్యాటరీతో నుండు ఇన్వర్టరుకును దీనికిని సూత్ర మొకటే, వేగము వేరు.) ఫోనులకై ఏర్పడిన ‘చీ’ ప్రమాణమున సామాన్యముగ 110 వేలనుండి 205 వేల వఱకును, మోటారు కార్లకు 85 వేల ప్రాంతమునను పౌనఃపున్యమును నిర్ణయించిరి.

ఇక అసలు చిక్కు. తీగతో నడచు పంకాను తొలగించినచో ప్రవాహ మాగును, సరఫరాకు విశ్రాంతి. ఇచ్చట దానికి విరుద్ధముగ జరుగవచ్చును. దక్షత పెరుగుటకై రెండు చుట్టలకును కెపాసిటరులను వరుసగ చేర్చి, ఒకే పౌనఃపున్యమునకు శ్రుతి చేయుదురు. అప్పుడు గ్రహించు చుట్టపై నున్న భారము, పంపు చుట్టలో ఒక నిరోధమువలె ప్రతిఫలించును. చుట్టల నడుమ అనుబంధము సగమైనచో ఆ నిరోధము నాలుగవ వంతునకు దిగును. 10 ఓములున్నది 2.5 ఓములగును. గ్రహించు చుట్టను పూర్తిగ తీసివేసినచో అది సున్న. రాగితీగ యొక్క స్వల్ప నిరోధమే మిగులును. వోల్టేజిని స్థిరముగ నిలుపు సరఫరా అప్పుడు ప్రవాహమును హద్దు లేకుండ పంపి, ఇన్వర్టరులోని ట్రాన్సిస్టరులను క్షణములో కాల్చివేయును. బరువు దింపగనే ఎద్దులు బెదరి బండిని బోల్తా కొట్టినట్లుండును.

అందుచే వాట్ల సంఖ్యకంటె ముందుగ విచారింపవలసినది, ఈ సరఫరా ప్రవాహమునకు హద్దు విధింపగలదా యనునది. ప్రయోగము చేయువారికి ప్రవాహ పరిమితి గల బెంచి సరఫరాయే ఉత్తమము. తక్కువ వోల్టేజితో మొదలుపెట్టి, గ్రహించు చుట్టను అటునిటు జరుపుచు, మెల్లగ పెంచవలెను. స్థిరముగ నెలకొల్పు యంత్రములలో, పంపు చుట్టకు ముందు తగిన ప్రేరకమును కెపాసిటరులను అమర్చి, భార మెట్లు మాఱినను చుట్టలో ప్రవాహము మాఱకుండ చేయుదురు. ఫోను పలకలు వేఱొక ఉపాయము పన్నినవి: ఫోను పైనున్నదని తెలిసికొన్న పిదపనే పూర్తి శక్తిని పంపును.

తరువాత వాట్లు. పలకపై 15 వాట్లని వ్రాసినది ఫోనుకు చేరు శక్తి. మార్గమున నాలుగవ వంతు నష్టమైనచో 20 వాట్లు కావలయును. 5 వోల్టుల, 2 ఆంపియర్ల పాత ఛార్జరు ఇచ్చునది 10 వాట్లే. ఫోనుపై ఛార్జి గుర్తు కనబడును గాని పని నత్తనడక నడచును. పలక చెడ్డదని దుకాణమునకు తిరిగి పంపువారును గలరు, పాపమా పలకది కాదు. వోల్టేజియు ముఖ్యమే. 20 వాట్లను 5 వోల్టులతో పంపుటకు 4 ఆంపియర్లు వలయును. కేబులు నిరోధము 0.2 ఓములైనచో అందులోనే 3.2 వాట్లు పోవును. 9 వోల్టులతో నైన సుమారు 2.2 ఆంపియర్లు, నష్టము ఒక వాటు మాత్రమే.

చౌక సరఫరాలలో మఱియొక లోపము అలజడి. ఫోను తన భారమును స్వల్పముగ మార్చుచు సెకనుకు 2,000 బిట్ల వేగమున పలకకు సందేశములు పంపుచుండును. సరఫరా వోల్టేజిలోని అలలు ఆ సందేశములలో కలిసినచో పలక వానిని పోల్చుకొనలేక శక్తిని ఆపుచు, మరల మొదలిడుచు నుండును.

కార్ల విషయమున చిక్కు ఇంటి వైరింగువఱకు వచ్చును. ఎస్.ఎ.ఇ. సంస్థ 2020లో వెలువరించిన జె 2954 ప్రమాణమున 3.7, 7.7, 11.1 కిలోవాట్ల తరగతులు గలవు. 230 వోల్టులపై మొదటిది సుమారు 16 ఆంపియర్లు. అయితే రెక్టిఫయరు, పెద్ద కెపాసిటరు మాత్రమే గల సరఫరా ప్రవాహమును కుదుపులుగ లాగును. పవర్ ఫ్యాక్టరు 0.6 ఐనచో అదే 3.7 కిలోవాట్లకు 27 ఆంపియర్లు వలయును, తీగలు వేడెక్కును. కావున పవర్ ఫ్యాక్టరును సరిదిద్దు భాగము లేని సరఫరాను ఈ పనికి కొనరాదు. 11.1 కిలోవాట్లకు ఒకే ఫేజుపై 48 ఆంపియర్లు కావలసియుండగా, మూడు ఫేజులపై ఒక్కొక్కదానికి 16 ఆంపియర్లు చాలును.