ఓడిన జట్టుకు రెండో ఆట

వానాకాలపు వరి కోతలు ముగిసి, యాసంగి నాటు ఇంకను పడని ఆ కొద్దిదినముల ఎడములో, సూర్యాపేట నుండి కోదాడకు పోవు జాతీయ రహదారి వెంబడిని, ఇటు మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమకాలువ గట్ల వెంబడిని సంచరించు బాటసారికి, కొయ్యకాళ్లు చదునుచేసిన మళ్లలోను, ఉన్నత పాఠశాలల ఆవరణలలోను ముగ్గుపిండితో గీతలు గీచి, వెదురుగడలకు దీపములు కట్టి, బహుమతిదాతల నిలువెత్తు ఫ్లెక్సీల నడుమ జరుగు కబడ్డీ, వాలీబాలు, టెన్నిస్ బంతి క్రికెట్టు పోటీలు కనబడును. ఎంట్రీ ఫీజు కట్టిన జట్టు ఓడిన తక్షణమే పోటీనుండి తొలగుటయే వీనిలో పెక్కింటి పద్ధతి. ప్రపంచమంతటను ఇట్టి నాకౌటు కప్పులకు పుట్టినిల్లయిన ఫుట్‌బాలు మాత్రము ఇచ్చట అరుదు.

కారణమును ఆటగాళ్ల అభిరుచిలో వెదకుటకన్న పహాణీలో వెదకుట మేలు. అంతర్జాతీయ ప్రమాణమున ఫుట్‌బాలు మైదానము 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. అనగా మన లెక్కలో ఎకరము ముప్పది కుంటలు. పురుషుల కబడ్డీ కోర్టు 13 మీటర్లు, 10 మీటర్లు. కుంటన్నరలో సుఖముగా ఇముడును. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమునుండి 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిన పిమ్మట, ఈ ప్రాంతమున మెట్ట మాగాణి అయ్యెను. మిర్యాలగూడ రైసుమిల్లుల పట్టణమయ్యెను. రెండుకార్లు పండు భూమిలో ఎకరము ముప్పది కుంటలను బంతి దొర్లుటకై ఏడాది పొడవునా విడిచిపెట్టు రైతు ఎవడు?

అట్లని ఫుట్‌బాలు మనకు పరాయిదని తలపోయువారు చరిత్ర ఎరుగనివారు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుమారులు రోవర్సు కప్పును గెలుచుకొనెను. 1950లోనే డ్యూరాండు కప్పు తుదిపోటీలో మోహన్ బగాన్ అంతటి జట్టును ఓడించెను. ఆ జట్టును తీర్చిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారతదేశము 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణపతకములను సాధించి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచెను. వృత్తిచేత ఉపాధ్యాయుడైన ఆ మహనీయుడు పెద్ద కప్పులతో తృప్తి చెందక, బంతిని కాలివద్ద త్రిప్పుకొనుచు పోరాదన్న నియమముతో కొన్నియు, పొట్టి పిల్లలకే ప్రత్యేకముగా కొన్నియు చిన్న పోటీలు నడిపించెను. బలవంతుని నీడలో ఎదుగలేని బాలునికి సాటివారితో తలపడు చోటు కావలెనని ఆయన గ్రహించెను. ఆ విద్య జంటనగరములు దాటి నల్గొండ సీమకు దిగిరాకపోవుట మన దురదృష్టము.

ఈ ఊహకు ఇంగ్లండులో మరింత పాతకాలపు ఆధారము కలదు. అచ్చటి ఫుట్‌బాలు సంఘము 1893లోనే వేతనము పుచ్చుకొనని ఆటగాళ్ల జట్లకు వేరుగా కప్పు నెలకొల్పినది; ఆ భేదమును రద్దుచేసిన 1974లో దానిని విరమించి, కింది శ్రేణి క్లబ్బులకై ‘వేజ్’ అను మరియొక కప్పును ఆరంభించినది. 1975లో దానిని తొలిసారి గెలిచినది హోడ్స్‌డన్ అను చిన్న పట్టణపు జట్టు. అయినను తుదిపోటీ జరిగినది లండనులోని సుప్రసిద్ధ వెంబ్లీ మైదానమున. చిన్నవారికి వేరు పోటీ పెట్టి, దానికి పెద్దవారి వేదికనే ఇచ్చుట నాకు మిక్కిలి నచ్చిన మర్యాద.

మన నిర్వాహకులును ఈ వేరుపాటును ఎరుగనివారు కారు. ‘మండల స్థాయి’, ‘ఊరి జట్లకే ప్రవేశము’ అని కరపత్రములో అచ్చువేయింతురు. దానితో రాత్రి పది గంటలకు కోర్టు ప్రక్కన ఆధార్ కార్డుల విచారణ మొదలగును. స్కోరు వ్రాయువాడు సెల్‌ఫోను వెలుతురులో కార్డును తిప్పి చూచి, ‘చిరునామా ఖమ్మం ఉన్నది గదనే’ అనగా, జట్టు నాయకుడు తడుముకొనక, ‘మా ఊరి అల్లుడే అన్నా, ఇల్లరికం వచ్చిండు’ అనును. చుట్టునున్నవారు నవ్వుదురు, అంపైరు నవ్వును, కూతగాడు మాత్రము తొడ చరచి సిద్ధముగా నిలుచును. ఇట్టి అల్లుళ్లలో ఎందరికి పెండ్లి అయినదో విచారించుట నా పని కాదు.

నాకౌటు మీద నాకు గల ఫిర్యాదు వేరు. ముప్పదిరెండు జట్లు వచ్చినచో ముప్పదియొక్క ఆటలతో విజేత తేలును. ప్రతి జట్టు ప్రతి జట్టుతో ఆడవలెనన్న 496 ఆటలు కావలెను గనుక, రెండు మూడు రాత్రులలో ముగించవలసిన కమిటీకి వేరు దారి లేదు. కాని తొలి రాత్రియే పదునారు జట్లు ఒకే ఒక్క ఆటతో ఆటో ఎక్కి తిరిగిపోవును. నెలరోజులు కూలిపని చేసివచ్చి సాధన చేసిన పిల్లలకు నలుబది నిమిషములు మాత్రమే దక్కుట న్యాయము కాదు. ఆ పదునారింటికి చిన్న షీల్డొకటి పెట్టినచో అదనముగా కావలసినవి పదునైదు ఆటలే. రెండు కోర్టులున్నచోట ఒక్క రాత్రి పని.

చెప్పక తప్పని మాట మరియొకటి కలదు. 2021 మార్చి 22న సూర్యాపేటలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల ఆరంభదినమున ప్రేక్షకుల గ్యాలరీ కూలి నూరుమందికి పైగా గాయపడిరి. జాతీయస్థాయి పోటీలోనే ఇట్లు జరుగగా, అద్దెకు తెచ్చిన పైపులు, పలకలతో కట్టు ఊరి గ్యాలరీని గూర్చి వేరుగా చెప్పనేల?

కావున సంక్రాంతికి పోటీలు తలపెట్టు కమిటీలవారికి నా విన్నపము: ఫ్లెక్సీల ఖర్చులో సగము తగ్గించుడు, గ్యాలరీ కట్టినచో ఎక్కుటకు ముందు ఇంజనీరుచేత చూపించుడు, లేనిచో ప్రేక్షకులను నేలమీదనే కూర్చుండబెట్టుడు, ఓడిన జట్లకు రెండో ఆట ఇండు. పెద్ద మైదానమున్న ఉన్నత పాఠశాల ఏదైన దొరికినచో, ఏడేసిమంది జట్లతో ఒక ఫుట్‌బాలు కప్పు కూడ పెట్టి చూడుడు; అంతమందికి సగము మైదానమే చాలును.