గుంపు లేని చిలుక

మాఘం నుంచి చైత్రం దాకా శబరి నది ఒడ్డున ఉన్న చింతూరు చుట్టుపక్కల చెట్ల తొర్రల్లో రామచిలుకలు పిల్లల్ని పెంచుతాయి. చాలామటుకు అవి వడ్రంగి పిట్టో, కంసాలి పిట్టో తొలిచి వదిలేసిన తొర్రనే వాడుకుంటాయి. నాలుగైదు గుడ్లు, మూడు వారాలకు పైగా పొదుగుడు, రెక్కలొచ్చి బయటికి ఎగరడానికి మరో ఏడు వారాలు. రెక్కలు రాకముందే పిల్లల్ని తీయాలని దొంగలు వస్తారు. చెయ్యి పట్టకపోతే గొడ్డలితో తొర్రను వెడల్పు చేస్తారు, లేదా కొమ్మే నరికేస్తారు. పిల్లలతోపాటు ఆ గూడూ పోతుంది. తొర్రపడేంత ముసలి చెట్టు మళ్లీ తయారు కావడానికి ఎన్నేళ్లు పడుతుందో అడవి పక్కన ఉండేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

అందుకే చిలుకను పెంచుకోవాలనుకునేవారు మొదట అడగాల్సిన ప్రశ్న: ఈ పిల్ల ఎక్కడిది? మన అడవిదైతే అక్కడితో ఆలోచన ఆపేయాలి. రామచిలుక 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో ఉంచుకోవడం అన్నీ నేరాలే. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంటాయి. భుజాన ఎర్రమచ్చ ఉండే పెద్ద చిలుకకూ ఇదే చట్టం వర్తిస్తుంది. జోస్యం చెప్పేవారి చేతిలో చూశాం కదా, తప్పేముందనుకోవద్దు. అదీ నేరమే.

చట్టాన్ని పక్కన పెట్టి చిలుక వైపు నుంచి చూస్తే కారణం ఇంకా బలంగా కనిపిస్తుంది. మాట్లాడుతుందనే కదా దాని మీద అంత మోజు! అసలెందుకు మాట్లాడుతుంది? విన్న శబ్దాన్ని నేర్చుకుని తిరిగి పలికే శక్తి పక్షుల్లో అన్నిటికీ లేదు. ఆ పని చేసే కేంద్రాల చుట్టూ చిలుకల మెదడులో మరో పొర కూడా ఉందనీ, అది మిగతా పాడే పక్షుల్లో కనిపించలేదనీ అమెరికాలో ఎరిక్ జార్విస్ బృందం 2015లో చూపించింది. అడవిలో ఈ శక్తి గుంపు కోసమే. వెనిజులాలో చిన్న చిలుకల గూళ్లను గమనించిన కార్ల్ బెర్గ్ బృందం 2011లో ఒక సంగతి బయటపెట్టింది: ఒక్కో పిల్లకూ తనదంటూ ఒక పిలుపు ఉంటుంది, దాన్ని తల్లిదండ్రుల దగ్గరే నేర్చుకుంటుంది. గుడ్లను వేరే గూటికి మార్చితే, పెంచిన వాళ్ల పిలుపునే పోలి పలుకుతుంది.

పంజరంలో చిలుకకు మనమే గుంపు. మన పలుకును పలకడమంటే, నేనూ మీలో ఒకడినే అని చెప్పడం. ఇంటిల్లిపాదీ పొద్దున పొలానికో పనికో పోయి సాయంత్రం దాకా రాకపోతే, గుంపు వదిలేసిన పిట్ట అవుతుంది. అరుస్తూనే ఉంటుంది. తన ఈకలు తానే పీక్కుని ఒళ్లంతా బోడి చేసుకునేవీ ఉన్నాయి. పంజరం పెద్దదైనంత మాత్రాన ఈ బాధ తీరదు.

పైగా ఇది పాతికేళ్ల బాధ్యత. పదేళ్ల పిల్లవాడు ముచ్చటపడి తెచ్చుకుంటే వాడికి ముప్పై అయిదేళ్లు వచ్చేదాకా అది ఉండొచ్చు. 2022 జులై వరదలో గోదావరి ఎగదన్ని శబరి ఊళ్లలోకి వచ్చినప్పుడు మనుషులే కట్టుబట్టలతో మెరకకు చేరారు. పంజరాన్ని ఎవరు మోస్తారు?

పంజరాల్లోనే తరతరాలుగా పుట్టి పెరుగుతున్న విదేశీ చిలుకలైన బడ్జీలను, కాకటీల్‌లను చట్టప్రకారం పెంచుకోవచ్చు. ఒంటరిగా మాత్రం వద్దు, జంటగా ఉంచండి. పొద్దుతిరుగుడు గింజలే రోజంతా పెడితే ఎ విటమిన్ తగ్గి జబ్బు పడతాయి. ఆకుకూర, క్యారెట్, జామ ఉండాలి. పక్షి ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిక్కున నిరంతరం సాగుతుంది కనుక విషమూ అంతే త్వరగా ఎక్కుతుంది. కట్టెల పొయ్యి పొగ తగిలే చోట, మాడిన నాన్‌స్టిక్ పెనం దగ్గర వాటిని ఉంచకూడదు.

ఇప్పటికే ఇంట్లో రామచిలుక ఉన్నవారు, ఇది చదివి జాలితో పంజరం తలుపు తీసేయకండి. ఏళ్లపాటు ఎగరని రెక్కకు బలం ఉండదు, డేగను చూసి దాక్కోవడం తెలియదు, తిండి వెతుక్కోవడం అసలే రాదు. దగ్గరలోని అటవీశాఖ కార్యాలయానికి తీసుకెళ్లి అప్పగించండి.