బీపీ మాత్ర, బూడిద మబ్బు, బీమా

షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్యబీమా చూపాలి. చికిత్సే కాదు, రోగిని గానీ భౌతికకాయాన్ని గానీ స్వదేశం చేర్చే ఖర్చూ అందులో ఉండాలి. తమాషా ఏమిటంటే, మల్టిపుల్ ఎంట్రీ వీసాకు మొదటి ప్రయాణం మేరకు పాలసీ ఉంటే చాలు. తర్వాతి వాటికి బాధ్యత మనదేనని దరఖాస్తులో సంతకం పెట్టించుకుంటారు. ఎంతమందికి గుర్తుంటుందో!

❖

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే అమ్మానాన్నలకు చవగ్గా దొరికేవి చాలావరకు ‘ఫిక్స్‌డ్’ పాలసీలు. బిల్లెంతైనా సరే, ఎక్స్‌రేకి ఇంత, బెడ్డుకి రోజుకింత అని పట్టికలో ఉన్నదే ఇస్తారు. మిగతాది కొడుకో కూతురో కట్టుకోవాల్సిందే. బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులు మామూలుగా కవర్ కావు. కొన్ని పాలసీల్లో ‘అక్యూట్ ఆన్‌సెట్’ అని ఒక వెసులుబాటు ఉంటుంది: ముందస్తు లక్షణాలేవీ లేకుండా జబ్బు ఒక్కసారిగా తిరగబెట్టాలి, సాధారణంగా 24 గంటల్లోపే ఆసుపత్రికి వెళ్ళాలి. మన నాన్నగారేమో నాలుగు రోజులు ఛాతీ పట్టేసినా “గ్యాస్‌లే” అని వాము నములుతారు. ఆనక ఎమర్జెన్సీలో డాక్టరుకు అదే పూసగుచ్చినట్టు చెబుతారు. డాక్టరు రాసుకుంటాడు. క్లెయిము పరిశీలించేవాళ్ళు వెతికేది ఆ లైనునే.

❖

ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ళను డబ్బు లేదని తిప్పి పంపకూడదని అమెరికాలో 1986 నుంచి చట్టముంది. బిల్లు పంపకూడదని మాత్రం అందులో లేదు.

❖

2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిద చిమ్మితే ఐరోపాలో విమానాలు రోజుల తరబడి ఆగిపోయాయి. బ్రిటన్‌లో బీమా కంపెనీలు కొన్ని చెల్లించాయి. మరికొన్ని, బూడిద ‘ప్రతికూల వాతావరణం’ కిందికి రాదని పేచీ పెట్టాయి. మబ్బులా కమ్మినా అది వాతావరణం కాదట!

❖

ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరైన) పాస్‌పోర్టుతో గల్ఫ్‌కు కూలికి వెళ్ళేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 10 లక్షలొస్తాయి. యజమాని మారినా పాలసీ చెల్లుతుంది. కానీ ఎండలో పనిచేసి వచ్చి, రాత్రి క్యాంపులో గుండె ఆగి పోతే అది ప్రమాదం కాదు, సహజ మరణం. ఆ 10 లక్షలు రావు. జగిత్యాల, నిజామాబాద్ వైపు పల్లెల్లో ఈ తేడా శవపేటిక వచ్చాకే తెలుస్తోంది. పాలసీ చేతికిచ్చే రోజునే, తెలుగులో, ఎందుకు చెప్పరో!

❖

థాయ్‌లాండ్‌లో స్కూటర్ అద్దెకిచ్చేవాడు లైసెన్సు అడగకపోవచ్చు. బీమా కంపెనీ అడుగుతుంది. మందు తాగి పడినా అంతే సంగతులు.

❖

విమానంలో సూట్‌కేసు పగిలితే ఏడు రోజుల్లో, ఆలస్యంగా అందితే అందిన 21 రోజుల్లో ఎయిర్‌లైన్స్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలన్నది మాంట్రియల్ ఒప్పందం. బీమా సొమ్ముకూ ఎయిర్‌లైన్స్ ఇచ్చే ‘పీఐఆర్’ (ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్ట్) కాగితం అడుగుతారు. దాన్ని ఎయిర్‌పోర్టు దాటకముందే, బ్యాగేజీ కౌంటర్‌లోనే తీసుకోవాలి.