టేపులో మౌనం కూడా పడాలి

పామర్రులో 1918లో పుట్టి కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసిన కొండపల్లి కోటేశ్వరమ్మ జీవితకథ ‘నిర్జన వారధి’ 2012లో అచ్చయింది. అప్పటికి ఆమెకు తొంభై దాటాయి, తెలంగాణ సాయుధ పోరాటం ముగిసి అరవై ఏళ్లయింది. ఇంత ఆలస్యంగా చెప్పిన మాట చరిత్రకు పనికొస్తుందా అని అడిగేవాళ్లుంటారు. కాగితంలో దొరకనిది దొరికేది అక్కడే. ఎవరు ఎక్కడ పట్టుబడ్డారో పోలీసు దస్త్రం రాస్తుంది. పిల్లల్ని ఎవరి చేతిలో పెట్టి అజ్ఞాతంలోకి వెళ్లారో, దాక్కున్న డెన్‌లో వంట ఎవరి వంతయిందో రాయదు. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం ఆ ప్రశ్నలతోనే పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్లు చెప్పింది రికార్డు చేసి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. అందులో మాట్లాడిన చిట్యాల ఐలమ్మ పుస్తకం రాకముందే, 1985లో కన్నుమూశారు. ఇంకొన్నాళ్లు ఆగుదామనుకుని ఉంటే ఆ గొంతు దక్కేది కాదు.

ముసలితనంలో తేదీలు తారుమారవుతాయన్నది నిజమే. ఇటలీలోని టెర్నీ అనే ఉక్కు పట్టణంలో లుయిజీ ట్రాస్టుల్లి అనే కార్మికుడు 1949లో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆ ఊళ్లో చాలామంది మాత్రం అది 1953లో, ఫ్యాక్టరీ నుంచి పెద్దయెత్తున జనాన్ని తీసేసినప్పుడు జరిగిందన్నారు. ఆ మాటలు సేకరించిన మౌఖిక చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్టెల్లి వాటిని తప్పుల తడకని పక్కన పడేయలేదు. ఊరిని ఎక్కువగా కుంగదీసింది ఉద్యోగాలు పోవడం. ఆ చావుకు అర్థం వెతికిన మనసులు దాన్ని ఆ దెబ్బ పక్కకు జరిపాయి. తేదీ కావాలంటే దస్త్రం చూసుకోవచ్చు, అది అలా పక్కకు ఎందుకు జరిగిందో మాత్రం మనిషి నోట వింటేనే తెలుస్తుంది. ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. ఏళ్ల తరబడి సభల్లో చెప్పి చెప్పి అరిగిన కథనే నాయకులు మళ్లీ అప్పజెబుతారు. దానికి విరుగుడు సభలకు ఎన్నడూ పిలవనివాళ్లను కూడా అడగడం.

అడిగినా అందరూ చెప్పరు. కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉన్న రోజుల్లో కాటూరు, ఎలమర్రుల్లో మలబారు పోలీసులు మగవాళ్ల బట్టలూడదీసి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు. రెండూ పామర్రుకు చుట్టుపక్కల ఊళ్లే. ఉద్యమ చరిత్రల్లో అది ప్రభుత్వ దౌర్జన్యానికి సాక్ష్యంగా నిలిచింది. ఆ వరుసలో నడిచినవాడికి అది భార్యాబిడ్డలకు కూడా చెప్పుకోలేని మాట. అలాంటి ఇంటికి మైకు పట్టుకుని ఒక్క పూట వెళ్లొస్తే దొరికేది పొడి జవాబే. మాట ఆగిన చోట మీట నొక్కి ఆపకుండా టేపును తిరగనివ్వాలి, రెండోసారీ మూడోసారీ వెళ్లాలి, పేరు బయటపెట్టొద్దంటే పెట్టకూడదు. వాళ్లు పోయాక ఆ ఇళ్లలో మిగిలిన ఆడవాళ్లను అడగాలి. ఆ సాయంత్రం ఇంటికొచ్చిన మనిషి అన్నం తిన్నాడో లేదో వాళ్లకు గుర్తుంటుంది.